జూరా ఇంటి నుంచి రాని సంచి

కొండల నడుమనున్న మా ఊరు కరా-జార్‌లో ఎవరింట విందు జరిగినా చేతులూపుకుంటూ ఇంటికి రావడం ఉండదు. మిగిలిన మాంసం, నూనెలో వేగిన పిండిముక్కలు, నాలుగు చాక్లెట్లు, గుప్పెడు కిస్‌మిస్‌లు ఓ సంచిలో కట్టుకుని, విందుకు రాలేక ఉండిపోయినవాళ్ళకి తీసుకురావాలి. ఆ సంచినే కెషిక్ అంటారు. విందుకు వెళ్ళొచ్చినవాణ్ణి ఏం తిన్నావని మా ఊళ్ళో ఎవరూ అడగరు, ముందు సంచి విప్పి చూస్తారు. ఒంట్లో బాగాలేని ముసలాయనకీ, పశువుల వెంట కొండకి పోయినవాడికీ, ఇల్లు కదల్లేని బాలింతకీ ఆ సంచిలో వాటా ఉంటుంది.

అలాంటి ఊళ్ళో, నాలుగిళ్ళ అవతల ఉన్న సొంత తోడికోడలి చేతి నుంచి పదిహేడేళ్ళుగా సంచి అందుకోని మనిషి ఒకావిడ ఉంది. ఆవిడ పేరు బురుల్, తోడికోడలి పేరు జూరా. అలాగని జూరా ఆమెని విందులకి పిలవకుండా ఏమీ లేదు. పిలిచేది, కూర్చోబెట్టేది, మర్యాదగా వడ్డించేది. వెళ్ళేటప్పుడు వాకిట్లో నిలబడి ఒక్కొక్కరి చేతిలో సంచి పెట్టేది. బురుల్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం సంచులు అయిపోయేవి.

బురుల్ అంటే ఆషామాషీ మనిషి కాదు. ముప్పై ఒక్క ఏళ్ళు మూడూళ్ళ తపాలా మోసింది. ఆఫీసువాళ్ళు సైకిలిస్తే దాన్ని మూడు నెలలకే గోడకి తగిలించి మళ్ళీ గుర్రమే ఎక్కింది. సైకిలుకి మంచులో దారి తెలీదు, నా గుర్రానికి తెలుసు అనేది. చూపు ఆనని ముసలమ్మలకి ఉత్తరాలు చదివిపెట్టేది, జవాబులు రాసిపెట్టేది. ఉత్తరంలో చెడ్డ కబురుంటే ముందు టీ పెట్టమని అడిగేదట. అందుకని బురుల్ గుర్రం దిగుతూనే టీ అడిగిందంటే ఆ ఇంట్లోవాళ్ళ గుండెల్లో రాయి పడేది.

ఆ తిరుగుడులో చూసినవన్నీ ఆమె రాసేది. జిల్లా వారపత్రికలో ‘గడప దగ్గర’ అని ఓ చిన్న శీర్షిక ఉండేది. పెద్ద విషయాలేమీ కావు. రొట్టెని బోర్లా పెడితే అవ్వలు ఎందుకు కోప్పడతారు, అతిథి కప్పులో టీ సగమే ఎందుకు పోస్తారు, ఇలాంటివి. ‘సగం పోస్తే ఇంకా పోస్తాం, కూర్చో అని. నిండా పోస్తే తాగేసి బయల్దేరమని. నోటితో పొమ్మనడం రాని జనం మేం’ అని ఓసారి రాస్తే ఊళ్ళో వారం రోజులు టీ పోయడానికి ఆడవాళ్ళ చేతులు వణికాయి. ఎంత పోశామో బురుల్ చూస్తోందని బెదురు. అయినా ప్రతి ఇంట్లోనూ ఆ పత్రిక ముక్కలు కత్తిరించి అద్దం వెనక దోపుకునేవాళ్ళు. మన సంగతి అచ్చులో వచ్చిందంటే ఎవరికి గొప్పగా ఉండదు?

ఆ శీర్షిక పదిహేడేళ్ళ క్రితం ఆగిపోయింది. ఎందుకని అడిగితే తీరిక లేదనేది బురుల్. గుర్రం మీద పోతూ కూడా రాసిన మనిషికి తీరిక లేకపోవడమేమిటని ఎవరూ ఎదురడగలేదు, కారణం ఊరందరికీ తెలుసు కాబట్టి. తెలుసనుకున్నారు కాబట్టి అనాలి.

జరిగింది ఇది. జూరా పెద్దకొడుకు పెళ్ళయ్యాక వియ్యాలవారు మొదటిసారి వచ్చారు. గొర్రెని కోస్తే మా దగ్గర పంచేది మాంసం కాదు, మర్యాద. ప్రతి ఎముకకీ ఓ స్థాయి ఉంటుంది. మగవాళ్ళ గది వాటాలు మగవాళ్ళు సర్దుతారు, ఆడవాళ్ళ గదివి ఆ ఇంటి కోడళ్ళు సర్దుతారు. నడుము కింద కొవ్వుతో నిగనిగలాడే ఉచా ఎముక గదిలోకెల్లా పెద్దావిడకి వెళ్ళాలి. ముంగాలి కింది ఎముక ఉంటుంది, దాన్ని దాసి ఎముక అంటారు. పిల్లలకో, గదిలో అందరికన్నా చిన్న కోడలికో అది. ఆ రోజు వియ్యపురాలు తొక్తొబుబు ముందుకి వెళ్ళిన గిన్నెలో దాసి ఎముక ఉంది.

గదిలో గుసగుసలు మొదలయ్యాయి. తొక్తొబుబు పెద్ద మనసున్న మనిషి, ఆ ఎముకనే తీసుకుని శుభ్రంగా తినేసింది. కానీ ఆమెతో వచ్చిన ఆడవాళ్ళ మొహాలు మాడిపోయాయి. వెళ్ళేటప్పుడు కెషిక్ సంచులు కూడా ముట్టుకోలేదు. రెండేళ్ళు రాకపోకలు లేవు. గిన్నె తెచ్చి పెట్టింది జూరా. అందరి ముందూ తలవంచి, “నా చేతి తప్పు, క్షమించండి” అన్నదీ జూరానే.

ఆ మరుసటి వారమే బురుల్ దాన్ని పత్రికలో రాసింది. పేర్లు లేవు, ‘మా తోడికోడలు’ అని మాత్రమే. సరదాగా రాశాననుకుంది. ఊరు కడుపుబ్బ నవ్వింది. సంతలో జూరాని చూసి, “అక్కా, మాకూ ఓ దాసి ఎముక తూచి ఇప్పించు” అని మాంసం కొట్టువాడు కూడా అన్నాడు. జూరాకి తల కొట్టేసినట్టయింది. ఆవిడ బురుల్ ఇంటికొచ్చి తిట్టలేదు, పోట్లాడలేదు. సంచులు ఆపేసిందంతే.

ఊరికి తెలిసింది ఇంతవరకే.

కిందటి శరదృతువులో బురుల్ ఉద్యోగం నుంచి దిగింది. మూడూళ్ళ జనం కలిసి పాఠశాలలో సన్మానం చేసి, గౌరవంగా తెల్ల టోపీ పెట్టి, గుర్రానికి కూడా ఎర్ర గుడ్డ కట్టారు. ఆ తర్వాత వారానికే పత్రిక నుంచి జిబెక్ అనే కొత్త సంపాదకురాలు వచ్చింది. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. చెప్పులు వరసగా విడిచి, గడప తొక్కకుండా దాటి లోపలికొచ్చింది. బురుల్‌కి అక్కడే నచ్చింది.

“పెద్దమ్మా, మా అమ్మ మీవి అన్నీ దాచింది. వాటితోనే నేను చదవడం నేర్చుకున్నాను. మళ్ళీ రాయాలి మీరు” అంది.

“నా చేతికి తుప్పు పట్టిందమ్మాయ్.”

“తుప్పు పడితే గీకుదాం. ఆ పని నాకొచ్చు.”

బురుల్ భర్త కదిర్‌కుల్ పొయ్యి పక్క నుంచే నవ్వాడు. “పోస్టమ్మా, ఒప్పుకో. ఉద్యోగం దిగినప్పట్నుంచీ నా మీద పడ్డావు. కాగితం మీద పడితే నేను బతికిపోతాను.”

ఒప్పుకుంది. కొత్త నోటుపుస్తకం కొని కిటికీ పక్క కూర్చుంది. రొట్టె గురించి రాసింది. బయల్దేరేవాళ్ళు కడుపు నిండినా ఓ తుంపు రొట్టె కొరికే వెళ్ళాలనే ఆనవాయితీ గురించి రాసింది. మొదటి కొవ్వు ముక్కని పొయ్యిలోకి విసరడం గురించి రాసింది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. చదివితే మాత్రం బడిపిల్లల వ్యాసాల్లా ఉన్నాయి. ఒకప్పుడు గుర్రం కళ్ళెం పట్టుకుని రాసినవి నవ్వేవి, కొరికేవి. ఇప్పుడు చలికాలమంతా కూర్చుని చెక్కినా చప్పగా చల్లారిన టీ అయ్యాయి.

కదిర్‌కుల్‌కి చదివి వినిపించింది. అప్పటికి అతను గుర్రం మీంచి పడి కాలికి కట్టుతో మంచాన ఉన్నాడు, కాబట్టి తప్పించుకునే దారి లేదు. అంతా విని గడ్డం గోక్కున్నాడు.

“రొట్టె ఉంది, పొయ్యి ఉంది, అవ్వలున్నారు. నువ్వెక్కడున్నావు?”

“నేనెందుకు ఇందులో?”

“ఇదివరకు ఉండేదానివిగా. గుర్రం దిగేదానివి, జారి పడేదానివి, కుక్క తరిమేది. ఇందులో ఎవరో పెద్దమనిషి దూరంగా నిలబడి చెబుతున్నాడు. నువ్వేదో దాచిపెడుతున్నావు పోస్టమ్మా. ఉత్తరం చింపి లోపలి కాగితం తీసేసి, కవరు చేతిలో పెట్టినట్టుంది నాకు.”

ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్క కవరూ చింపని మనిషికి ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. బురుల్ కోపంతో పుస్తకం మూసి పాకలోకి పోయి ఆవు దగ్గర కూర్చుంది. కూర్చున్నాక కోపం మొగుడి మీద కాదని ఆమెకే తెలిసిపోయింది.

ఆ రోజు గిన్నెలు సర్దింది బురుల్. జూరా వాటిని మోసుకెళ్ళి ఎవరి ముందు ఏది పెట్టాలో అది పెట్టింది, అంతే. వంటపాకలో పెద్ద బాన ముందు బురుల్ నిలబడి ఒక్కొక్క గిన్నెలో ఒక్కొక్క ఎముక వేసి వరసగా పేర్చింది. చేతులు ఎముకలు సర్దుతున్నాయి, తల మాత్రం వాక్యాలు సర్దుతోంది. వియ్యాలవారు గుమ్మంలోకి అడుగుపెట్టిన తీరు మీద ఓ మంచి వాక్యం తోచింది. అది పోతుందేమోనని లోపల తిప్పుకుంటూ మొదటి గిన్నెలో దాసి ఎముక వేసి, పైన ఎముక మునిగేలా ఉల్లిపాయ పులుసు పోసింది. లోపలి గదిలో గుసగుస వినపడగానే ఆమెకి అర్థమైంది. గుమ్మం దగ్గరికి వచ్చేసరికి జూరా అప్పటికే తలవంచి తప్పు తన మీద వేసుకుంటోంది. ఒక్క క్షణం వెనక్కి తిరిగి బురుల్ వంక చూసింది. ఆ చూపులో కోపం లేదు. ఇంటి చిన్నకోడల్ని పరాయివాళ్ళ ముందు నిలబెట్టకూడదన్న పెద్దరికం ఉంది.

ఆ పెద్దరికానికి బదులుగా బురుల్ ఆమెని ఊరి నోట్లో పెట్టింది. ఎందుకు రాశావని పదిహేడేళ్ళు తన్ను తాను అడుగుతూనే ఉంది. రాసేస్తే తప్పు నిజంగానే జూరాది అయిపోతుందని ఎక్కడో ఆశపడింది. అదీ సంగతి. ఆ తర్వాత కలం పట్టుకున్నప్పుడల్లా ఆ గిన్నే ముందు వచ్చి నిలబడేది. దాన్ని పక్కకి నెట్టి మరేదైనా రాద్దామంటే అక్షరం కదిలేది కాదు.

మర్నాడు పొద్దున్నే రాసింది. ‘ఆ ఎముక పెట్టింది నేను’ అని మొదలుపెట్టింది. మధ్యాహ్నం ఆవు అరిచేదాకా కుర్చీలోంచి లేవలేదు. చదువుకుంటే తన గొంతు తనకి వినపడింది. ఎంతకాలానికో. కళ్ళు తుడుచుకుంది, ఆవు పాలు పితికింది, కాగితాలు మడిచి జాకెట్టు జేబులో పెట్టుకుని జూరా ఇంటికి బయల్దేరింది. అక్క వద్దంటే చింపేయాలనే నిర్ణయించుకుంది.

జూరా మీగడ తీసే యంత్రం తిప్పుతోంది. అరవై ఆరేళ్ళు వచ్చినా వీపు గుంజలా నిటారు. తోడికోడల్ని చూసి ఆశ్చర్యపోయినట్టు కనపడనివ్వలేదు. చెక్క బల్ల ముందు కూర్చోబెట్టి, రొట్టె తుంచి వేసి, కప్పులో టీ పోసింది. అంచు దాకా పోసింది. అది పొర్లి బల్ల మీదికి ఓ చుక్క జారింది.

బురుల్ ఆ నిండు కప్పు వంక చూసింది. దాని అర్థమేమిటో పత్రికలో రాసిపెట్టిన మనిషి తనే. పెదాలు కాలుతున్నా నాలుగు గుక్కల్లో తాగేసి కప్పు బోర్లించింది.

“అక్కా, ఆ రోజు సంగతి రాశాను. ఉన్నది ఉన్నట్టు. నీకు చదివి వినిపించాలని వచ్చాను.”

“ఎందుకు?”

“నువ్వు సరేనంటే పంపుతాను. వద్దంటే పొయ్యిలో పడేస్తాను.”

జూరా యంత్రం తిప్పడం ఆపలేదు. “బావుంది. పంపితే నేను ఒప్పుకున్నట్టు, పడేస్తే నేను కాల్చినట్టు. ఈ బరువు కూడా నా నెత్తినే పెడతావా?”

బురుల్ కాగితాల కోసం జేబులో పెట్టిన చేయి వెనక్కి తీసుకుంది.

“మొదటిది అచ్చయినప్పుడు నన్ను అడిగావా? ఊరంతా చదివాక నేను చదివాను. ఇదీ అంతే. ఊరంతా చదివాక చదువుతాను. ఇక వెళ్ళు, పాలు చల్లారితే మీగడ రాదు.”

దారిలో బురుల్ రెండుసార్లు ఆగింది. కాగితాలు చింపేయడం ఎంత సులువో, పంపడం ఎంత కష్టమో ఆ రెండొందల అడుగుల్లో తెలిసొచ్చింది. రేపు సంతలో అందరూ తనని చూసి నవ్వుతారు, అది ఫరవాలేదు. తన తప్పు ఇంకొకరి మీదికి నెట్టి బతికిన తపాలా మనిషని అంటారు, అదే కష్టం. ఉద్యోగం దిగిన రోజు తలమీద పెట్టిన తెల్ల టోపీ గుర్తొచ్చింది. అయినా ఇంటికెళ్ళి కవరు అంటించింది. కాలు బాగాలేని మొగుణ్ణి పంపలేక, తన ముసలి గుర్రమెక్కి తనే జిల్లా కేంద్రానికి పోయి ఇచ్చొచ్చింది. తపాలాలో వేస్తే నమ్మకం లేదా అని కదిర్‌కుల్ అడిగితే, “నా తర్వాత వచ్చిన పిల్లకి దారులు తెలీవు” అంది.

పత్రిక వచ్చింది. జనం చదివారు. ఈసారి ఎవరూ కడుపుబ్బ నవ్వలేదు. మాంసం కొట్టువాడు బురుల్‌ని చూసి చూపు తిప్పుకున్నాడు. రాతల ధ్యాసలో పడి ఎముక మార్చిందట, తప్పేమో అక్క నెత్తిన వేసిందట అని వీధి చివర ఆడవాళ్ళు మాట్లాడుకున్నారు. ఇద్దరు మాత్రం జూరా ఇంటి ముందు ఆగి, “అక్కా, పదిహేడేళ్ళు నోరు మెదపలేదు, ఏం మనిషివి నువ్వు” అన్నారు. జూరా చీపురు కింద పెట్టకుండానే, “ఇంటి మాట ఇంట్లో ఉంటుంది” అని లోపలికి పోయిందట. ఆ కబురు విన్న బురుల్‌కి గర్వంతో గుండె నిండింది. తన అక్క అలాంటిది. తన మీద కోపంగా ఉన్నా సరే, అలాంటిది.

నెల తిరక్కుండా జూరా ఇంటి నుంచి పిలుపొచ్చింది. పెద్దకొడుకు ఆఖరి పిల్లాడు నడక మొదలుపెట్టాడు, కాళ్ళ దారం కోసే పండుగ. నలుపూ తెలుపూ పేనిన దారాన్ని పిల్లాడి కాళ్ళకి కడతారు, పరుగు పందెంలో గెలిచినవాళ్ళొచ్చి దాన్ని కోస్తారు. జీవితంలో తడబడకుండా నడవాలని.

పందెం అయింది, దారం తెగింది, పిల్లాడు నాలుగడుగులు వేసి కూలబడ్డాడు. అందరూ మొహాలు చేతులతో తడుముకుని దీవించి లోపలికి చేరారు. రెండు గొర్రెలు కోశారు కాబట్టి ఉచాలు కూడా రెండుండాలి. ఆడవాళ్ళ గదిలో పైచోట తొక్తొబుబు కూర్చుంది. జుట్టు పూర్తిగా నెరిసింది. గిన్నెలు ఈసారి ఎవరికీ అప్పగించకుండా జూరా తన చేత్తోనే సర్దింది, తన చేత్తోనే పెట్టింది. మొదటి ఉచా తొక్తొబుబుకి వెళ్ళింది. రెండోది ఎవరికి వెళ్తుందా అని అందరి చూపులూ జూరా చేతుల వెంట తిరుగుతున్నాయి. గిన్నెలన్నీ అయిపోయాయి. రెండో ఉచా గదిలోకి రాలేదు.

ఆఖరి గిన్నె బురుల్ ముందుకి వచ్చింది. అందులో దాసి ఎముక ఉంది.

యాభై ఎనిమిదేళ్ళ మనిషి, ఇద్దరు మనవలున్న అవ్వ. గదిలో అందరికన్నా చిన్న కోడలికి పెట్టే ఎముక. తొక్తొబుబు తన గిన్నెలోంచి తలెత్తి చూసింది.

బురుల్ తలవంచుకోలేదు. ఎముక రెండు చేతులా పట్టుకుని, చాకుతో మాంసం ఒలిచి, మెల్లిగా నమిలి తిన్నది. కీలు దగ్గర గీరి, మూలుగ పీల్చి, తెల్లగా మెరిసే ఎముకని గిన్నెలో పెట్టింది. మా దగ్గర ఎముక మీద మాంసం మిగిల్చితే ఇంటివాళ్ళని అవమానించినట్టు. ఆ గదిలో అంత శుభ్రంగా తిన్నవాళ్ళు ఇంకెవరూ లేరు.

“బాగా ఉడికింది అక్కా” అంది.

తొక్తొబుబు ఒక్కసారి ఫక్కున నవ్వింది. “రుచి నాకు తెలుసమ్మా. పదిహేడేళ్ళ కిందట నేనూ తిన్నాను.” దాంతో గదంతా నవ్వింది. ఈసారి ఎవరి మీదా కాదు. జూరా మాత్రం నవ్వలేదు. పెదవి బిగించి టీ పోయడానికి వంగింది. బురుల్ కప్పులో పోసింది చూస్తే సగమే.

వెళ్ళేటప్పుడు జూరా వాకిట్లో నిలబడి సంచులు పంచుతోంది. అలవాటు ప్రకారం బురుల్ పక్క నుంచి తప్పుకుని పోబోయింది. జూరా చేయి పట్టుకుని ఆపింది. బరువైన సంచి ఒకటి ఆమె చేతిలో పెట్టింది.

“ఇవాళ్టిది కూడా రాయి పిల్లా. ఈసారి ఎముక ఎవరు పెట్టారో అది కూడా రాయి” అంది.

బురుల్‌కి ఏడుపొచ్చింది. వాకిట్లో అందరూ చూస్తుండగానే ఏడ్చింది, ముప్పై ఒక్క ఏళ్ళు ఊరందరి ఏడుపులూ చూసిన మనిషి.

ఇంటికొచ్చి సంచి బల్ల మీద పెట్టి విప్పింది. పైన వేగిన పిండిముక్కలు, చాక్లెట్లు. వాటి కింద గుడ్డలో చుట్టి, ఇంకా గోరువెచ్చగా, కొవ్వు నిగనిగలాడుతూ రెండో ఉచా. కదిర్‌కుల్ మంచం మీంచి మెడ చాచి చూశాడు.

“ఓహో. మా వదిన నాకు పంపిందా?”

“మీకు కాదు, నాకు.”

“కెషిక్ ఇంట్లో ఉండిపోయినవాళ్ళదే, పోస్టమ్మా. ఊరు ఊరంతా చెబుతుంది.”

“ఈ ఒక్కసారికి ఊరు తప్పు. సగం మీకిస్తాను, ముందు నన్ను రాసుకోనివ్వండి.”

చేతులు కడుక్కుంది. అతని కప్పులో సగం టీ పోసింది. కిటికీ పక్క కూర్చుని నోటుపుస్తకం తెరిచి, మొదటి వరస రాసింది: ‘ఈ ఎముక పెట్టింది మా అక్క జూరా.’